గుళ్లో చెప్పిన మాట గుళ్లోనే దిద్దుకున్నాను

నాకు ఒంట్లో బాగాలేదని మొదట చెప్పింది డాక్టరు కాదు, పన్నెండో ఎక్కం.

మాది పి.గన్నవరం దగ్గర కాలవ గట్టు మీద ఊరు. అక్కడి ఎలిమెంటరీ బడిలో నేను టీచరుని. పొద్దున్నే మూడో తరగతి చేత ఎక్కాలు చెప్పించేదాన్ని. నేను ఒక వరస అంటే పిల్లలు అదే వరస అందుకునేవారు. ఆ రోజు "పన్నెండు ఏడ్లు ఎనభై నాలుగు" అనేసరికి నాకు ఊపిరి అందలేదు. బల్ల పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు కాసేపు నా మొహం చూసి, ఇక నాకోసం ఆగకుండా ఎనిమిదులు, తొమ్మిదులు వాళ్లే చెప్పుకుంటూ పోయారు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. ఆ దగ్గు సాయంత్రం దాకా వదల్లేదు.

డెబ్భైల మధ్య మాట ఇది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. నెల రోజులు దాన్ని పడిశెం అనుకున్నాను. ఊళ్లో ఆరెంపీ డాక్టరు గారు రెండు సీసాల దగ్గు మందు తాగించారు. పొద్దు వాలేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి చెమటతో జాకెట్టు తడిసిపోయేది. సన్నబడ్డానని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఒక ఆదివారం గుళ్లో పాట పాడుతుంటే దగ్గు తెర వచ్చి రుమాల్లో ఎర్రగా పడింది. మా చర్చిని మేము గుడి అనే అంటాం. మా ఆయన కాలవ లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు, మాట తక్కువ మనిషి. ఆ రుమాలు చూసి, "రేపు అమలాపురం వెళ్దాం" అన్నారు, అంతే.

అమలాపురంలో ఎక్స్‌రే తీశారు. మూడు రోజులు వరసగా కళ్లె పరీక్ష చేశారు. డాక్టరు గారు ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టి చూసి చెప్పారు.

"స్పూటం పాజిటివ్ అమ్మా, కళ్లెలో క్రిములున్నాయి. కుడి లంగ్ పైభాగంలో ప్యాచ్ ఉంది. టి.బి. భయపడకండి, మందుంది. ఈ మందుకి ఒక్కటే నియమం. పద్దెనిమిది నెలలు వాడాలి. బాగుందని మానకూడదు, బాగాలేదనీ మానకూడదు."

"ఆయ్, అలాగేనండీ" అన్నాను.

పద్దెనిమిది నెలలంటే ఎంతో లెక్కలు చెప్పే నాకు తెలీదా? ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత నేను చేసిన పని తెలియక చేశానని ఎవరి దగ్గరా అనలేదు, ఇక్కడా అనను.

స్ట్రెప్టోమైసిన్ సూదులు రోజూ ఊళ్లో కాంపౌండరు వేసేవాడు. మాత్రలు నెలకోసారి అమలాపురం వెళ్లి తెచ్చుకోవాలి. అక్కడి బెంచీ మీదే ఎస్తేరు కనిపించింది. మా సంఘం పిల్లే. కొత్తగా పెళ్లయింది, మొగుడు కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్తాడు. ఆ పిల్లకీ ఇదే జబ్బు, ఇవే మాత్రలు. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. అప్పటినుంచి నెలకోసారి ఇద్దరం ఒకే బస్సులో వెళ్లి, ఒకే బస్సులో వచ్చేవాళ్లం. నేను మాత్ర వేసుకుంటే తనూ వేసుకునేది. "మీరు చేసినట్టే చేస్తానండీ, టీచరుగారండీ" అనేది.

ఇంట్లో నాకు చేసింది మా సంతోషమ్మ వదినగారు. మా ఆయనకు స్వయానా అక్క, సంఘంలో స్త్రీల కూడికకి పెద్ద. టి.బి. అంటే జనం గడప తొక్కడానికి జంకే రోజులవి. ఆవిడ రోజూ వచ్చి వంట చేసేవారు. నేను ఉమ్మిన డబ్బాలో బూడిద పోసి, పెరట్లో లోతుగా గొయ్యి తీసి తన చేత్తో పూడ్చేవారు. తింటానన్నా తిననన్నా దగ్గర కూర్చుని కోడిగుడ్డు తినిపించేవారు. ఆవిడ మీద నాకున్న కోపమంతా ముందుముందు రాస్తాను గానీ, ఈ మాట ముందు రాయకపోతే నాకు పాపం.

అయిదో నెలకి దగ్గు పోయింది. ఒంటికి నీరు పట్టింది, జాకెట్లు మళ్లీ బిగుతయ్యాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక వదినగారు నన్ను పక్కకి పిలిచారు.

"కరుణా, దేవుడు నిన్ను బాగుచేసేడు. ఆదివారం సాక్ష్యం చెప్పు."

"డాక్టరుగారు ఇంకా పదమూడు నెలలన్నారండీ వదినగారూ."

"సాక్ష్యం చెప్పి ఇంటికొచ్చి మళ్లీ మాత్ర మింగుతావా? బాగయ్యేనని నలుగురిలో చెప్పి, చాటుగా మందేసుకుంటే ఆ దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా? నీకు నమ్మకం ఉందా, లేదా?"

మా సంఘంలో పుట్టి పెరిగినవాళ్లకే ఈ చిక్కు తెలుస్తుంది. బయటివాళ్లకి ఇది వెర్రిలా ఉంటుంది. సాక్ష్యం అంటే మాకు ఉత్త మాట కాదు. బల్ల మీద బైబిలు ఉండగా, సంఘమంతా వింటుండగా నిలబడి చెప్పే మాట. అది చెప్పాక వెనక్కి తీసుకోవడం అనేది మేము ఎరగం. తీసుకోకూడదని ఎవరూ రాయలేదు, తీసుకున్నవాళ్లని ఎవరూ చూడలేదు, అంతే.

ఆ ఆదివారం నేను నిలబడ్డాను. "దేవుడు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడు. ఈ రోజు నుంచి నాకు మందుతో పనిలేదు" అన్నాను. సంఘమంతా స్తోత్రం అంది. వదినగారు కళ్లు తుడుచుకున్నారు. బలవంతం మీద చెప్పానని రాయడం తేలిక, కానీ ఆ స్తోత్రం నాకు బాగుంది. రోగిష్టి టీచరుని కాస్తా ఒక్క పూటలో దేవుడు చూసిన మనిషినయ్యాను. ఆడవాళ్ల చాపల మీద ముందు వరసలో ఎస్తేరు నన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపు ఏమిటో నేను ఆలోచించలేదు. మిగిలిన మాత్రలు కాలవలో పడేశాను.

తొమ్మిది నెలలు బాగానే గడిచాయి. బడిలో చేరాను, ఎక్కాలు చివరిదాకా చెప్పాను. తర్వాత ఒక పొద్దున నీళ్లు తోడుతుంటే గొంతులోకి వెచ్చగా వచ్చింది. ఈసారి రుమాలు చాల్లేదు.

డాక్టరు గారు పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చూశారు.

"జబ్బు ఎడమ లంగ్‌కీ పాకింది. అక్కడ కేవిటీ, గుల్ల పడింది. మందు ఎప్పుడు మానేశారు?"

చెప్పాను.

"ఎవరు మానమన్నారమ్మా?"

"ఎవరూ లేదండీ. నేనే మానేశానండీ."

"చదువుకున్నవాళ్లు. పిల్లలకి చెప్పేవాళ్లు." ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మధ్యలో మానేస్తే ఆ క్రిములు మందుకి అలవాటు పడిపోతాయి. రెసిస్టెన్స్ అంటాం. పాత మందు ఇక పనిచేస్తుందో లేదో నేను చెప్పలేను. అడ్మిట్ అవ్వండి."

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నాను. రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాను. మళ్లీ సూదులు, వాటితోపాటు ఇథాంబ్యుటాల్ మాత్రలు. "కళ్లు మసకబారితే వెంటనే చెప్పండి" అన్నారు నర్సమ్మగారు. కళ్లకి ఏమీ కాలేదు, ఆ సూదులతో చెవులకి అయింది. మంచం దిగితే గది తిరిగిపోయేది. ఎడమ చెవిలో లాకు దగ్గర నీళ్లు పడుతున్నట్టు హోరు. ఆ హోరు తగ్గాక ఆ చెవికి ఇంకేమీ వినపడలేదు. ఇప్పటికీ వినపడదు.

వినపడే చెవిలో మా ఆయన ఒకరోజు ఒక మాట వేశారు. వేయకపోతే బాగుండుననిపించింది. శుక్రవారం కూడికలో ఎవరో అడిగారట, కరుణమ్మగారికి ఎందుకు తిరగబెట్టిందని. దానికి వదినగారు, "దేవుడు బాగుచేసింది తిరగబెట్టదు. కరుణ ఏదో పాపం దాచింది. అది ఒప్పుకునేదాకా అంతే" అన్నారట.

నా కళ్లె పూడ్చిన చెయ్యి, నా నోట్లో గుడ్డు పెట్టిన చెయ్యి. ఆ మనిషి నోట్లోంచే ఈ మాట వచ్చింది. ఆ రోజంతా ఏడ్చాను. మర్నాటి నుంచి ఏడవలేదు, కోపం వచ్చింది. ఆ కోపమే నన్ను మంచం మీంచి లేపిందంటే నమ్మండి. ఇది ఆత్మీయమైన మాట కాదని నాకు తెలుసు.

ఇంటికి వచ్చిన వారానికి పాస్టరు గారు కబురు పెట్టారు. నెల మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన. మనసులో విరోధం పెట్టుకున్నవాళ్లు అందులో చెయ్యి వెయ్యకూడదు. అందుకని శనివారం సాయంత్రం పాస్టరు గారి వరండాలో విరోధులిద్దర్నీ కూర్చోబెట్టి, చెయ్యీ చెయ్యీ కలిపించి, ప్రార్థన చేసి, తలా ఒక కప్పు టీ ఇచ్చి పంపడం మా ఊరి ఆనవాయితీ. ఆదివారం మళ్లీ అందరూ బల్ల దగ్గర ఉండేవారు. సోమవారం మళ్లీ మొహాలు తిప్పుకునేవారు.

నేను వెళ్లాను. వదినగారు ముందే వచ్చి కూర్చున్నారు.

"కరుణమ్మా, క్షమించేసేనని చెప్పి చెయ్యి కలపండి" అన్నారు పాస్టరు గారు.

"కూడికలో నలుగురిలో అన్న మాట అండీ అది. వరండాలో ముగ్గురి మధ్య చెరిపితే చెరిగిపోతుందా అండీ?"

"క్షమాపణకి షరతులుండవమ్మా."

"క్షమించమంటే ఈ నిమిషమే క్షమిస్తానండీ. సమాధానపడమంటే మాత్రం అబద్ధం మీద పడలేను. వదినగారు ఎక్కడ అన్నారో అక్కడే నిలబడి, ఆ మాట తప్పని చెప్పమనండి. అప్పుడు నేనే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

వదినగారు నా వైపు చూడలేదు. "నేను లేనిమాట అనలేదండీ పాస్టరుగారూ" అని టీ తాగకుండానే లేచి వెళ్లిపోయారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని నేను గట్టిగానే అన్నాను. అలా అని ఉండకూడదు.

ఆ తర్వాత ఏడాది పైన నేను బల్ల తీసుకోలేదు. మొదటి ఆదివారాలు అసలు గుడికే వెళ్లలేదు. మొండిదని పేరొచ్చింది. మా ఆయన రెండుసార్లు బతిమాలారు. "నువ్వు తగ్గితే ఏం పోతుంది, కరుణా?"

"తగ్గితే మీ అక్కగారన్నది నిజమని ఒప్పుకున్నట్టేనండీ" అన్నాను. అప్పుడు అలాగే అనిపించింది. ఇప్పుడూ అలాగే అనిపిస్తుంది. ఈ విషయంలో నేను మారలేదు.

మందు మాత్రం ఒక్కపూట మానలేదు. నెలకోసారి అమలాపురం వెళ్తూనే ఉన్నాను. స్పూటం నెగెటివ్ వచ్చిన రోజు మాత్రలిచ్చే ఆయన కార్డు మీద గుర్తు పెడుతూ అడిగారు.

"మీతో బస్సులో వచ్చే అమ్మాయి ఏమైందండీ? రెండేళ్లు దాటింది రావట్లేదు."

నేను ఒంటరిగా ఎందుకు వస్తున్నానో ఎప్పుడూ ఆలోచించలేదు. నా రోజులూ వేళలూ మారిపోయాయి, తన రోజు వేరే ఉందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా అనుకోలేదు. నా కోపంలో నాకు ఇంకో మనిషి గుర్తే లేదు.

బస్సు దిగి నేరుగా ఎస్తేరు ఇంటికి వెళ్లాను. వాకిట్లో కొబ్బరి పీచు ఆరబోసి ఉంది. ఆ పిల్ల గుమ్మానికి ఆనుకుని చంటిపిల్లకి పాలిస్తోంది. మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. నన్ను చూసి లేవబోయి దగ్గు తెరతో మళ్లీ కూర్చుంది. ఆ దగ్గు నాకు తెలుసు.

"మందు ఎప్పుడు మానేసేవే?"

"మీరు సాక్ష్యం చెప్పిన ఆదివారమేనండీ."

నేను పీచు మీదే కూలబడ్డాను. "నాకు తిరగబెట్టింది కదే. చచ్చి బతికేను. నీకు తెలీదా?"

"తెలుసండీ. మీరేదో దాచేరని, అందుకే తిరగబెట్టిందని కూడికలో చెప్పేరండీ. మందు మానేసినందుకని ఎవరూ చెప్పలేదండీ." తలొంచుకుని అంది. "నేనేమీ దాచలేదండీ. అందుకని నాకు తగ్గిపోద్దనుకున్నాను."

"నేను చెప్తున్నాను కదా ఇప్పుడు. రేపే అమలాపురం పద."

"గుళ్లో బైబిలు ముందర చెప్పింది అబద్ధమా అండీ టీచరుగారూ? మరి మీరు అది తప్పని ఎప్పుడూ గుళ్లో అనలేదు కదండీ."

అడిగింది ఎదురు చెప్పడానికి కాదు. తెలుసుకోవడానికే అడిగింది. ఎక్కడ అన్నారో అక్కడే దిద్దమని ఏడాది పైన వదినగారి మీద పట్టుబట్టి కూర్చున్నాను. నేనెక్కడ అన్నానో అక్కడ నేను దిద్దలేదు. అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి సమాధానపడమన్న బైబిలు మాట చిన్నప్పటినుంచి నాకు కంఠతా వచ్చు. నీకు ఎవరిమీద కోపముందో ఆలోచించుకోమని కాదు అందులో ఉన్నది. నీ మీద ఎవరికి కోపముండాలో గుర్తు తెచ్చుకోమని. ఎస్తేరుకి నా మీద కోపం కూడా లేదు. ఆ పీచు మీద కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను.

అది గురువారం. ఆదివారం దాకా ఆగాను. ఆ ఆదివారం మొదటి ఆదివారమే. నేను వస్తుంటే సమాధానపడటానికే వస్తున్నాననుకుని పాస్టరు గారి మొహం విప్పారింది. ఎస్తేరుని నా పక్కనే చాప మీద కూర్చోబెట్టుకున్నాను. సాక్ష్యాల వేళకి లేచాను.

"ఇక్కడ నిలబడి నేను ఒక సాక్ష్యం చెప్పాను. అది అబద్ధం" అన్నాను.

సంఘ పెద్దల్లో ఒకాయన లేచారు. "అమ్మా, ఇలాంటివి ఇక్కడ కాదండీ. పాస్టరుగారితో చెప్పుకోండి. అన్యులు వింటే ఏమనుకుంటారు?"

"విననివ్వండి. అబద్ధం చెప్పినప్పుడు కూర్చోమనలేదు మీరు. ఇప్పుడు నేను కూర్చోను." సంఘం వైపు తిరిగాను. "నాకు అప్పటికి జబ్బు తగ్గలేదు. తగ్గుతోంది. తగ్గించేది దేవుడే, ఆ మాత్రలతోనే తగ్గిస్తున్నాడు. నేను మధ్యలో ఆయన చెయ్యి తోసేసి, ఆయన పేరు మీద చప్పట్లు కొట్టించుకున్నాను. నాకు తిరగబెట్టింది పాపం దాచినందుకు కాదు, మాత్రలు కాలవలో పారేసినందుకు. నా మాట నమ్మి మీలో ఒకరు మందు మానేశారు. ఆ మనిషి ఎవరో నేను చెప్పను. ఆ మనిషిని మీ అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నాను. రేపు నాతో అమలాపురం రమ్మని అడుగుతున్నాను."

వదినగారి గురించి ఒక్కమాట అనలేదు. అనాలని లేక కాదు. రెండు రోజులు ఆ మాటలు నోట్లో నానబెట్టుకునే వచ్చాను. తీరా నిలబడ్డాక నా తప్పు చెప్పడానికే ఊపిరి సరిపోయింది.

ఎస్తేరు నా చీర కొంగు పట్టుకుని ఏడ్చేసింది. చెప్పొద్దన్న రహస్యం తనే బయటపెట్టుకుంది. అందరూ తనవైపే చూస్తున్నారు. అప్పుడు ముందు వరసలోంచి మా వదినగారు లేచారు. ఆవిడకి మోకాళ్ల నొప్పి, చేత్తో నేల ఆనించి లేవడానికి చాలాసేపు పట్టింది. నడిచి వచ్చి నా ఎడమ పక్క నిలబడ్డారు.

"సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టింది నేనండీ" అన్నారు సంఘంతో. "మందు మానెయ్యమన్నదీ నేనే. తిరగబెట్టేసరికి, నా మాట తప్పయిపోద్దని భయమేసి తప్పు కరుణ మీదకి తోసేసేను. ఈవిడ పాపమేమీ దాచలేదు. దాచింది నేను."

ఆవిడ నా వినపడని చెవి వైపు నిలబడి ఉన్నారు. అయినా ప్రతి మాటా వినపడింది.

వరండా లేదు, టీ లేదు. చెయ్యి కలపమని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు బల్లలో ఆవిడ నా పక్కనే కూర్చున్నారు. ఒకే గిన్నె చేతులు మారుతూ నా దగ్గరకొచ్చింది. స్పూటం నెగెటివ్ అయినా నేను ఒక్క క్షణం తటపటాయించాను. "తాగి ఇలా ఇవ్వు" అన్నారు వదినగారు. నేను తాగాక, గిన్నె తిప్పకుండా నా పెదవి తగిలినచోటే ఆవిడ తాగారు.

మర్నాడు అమలాపురం బస్సులో ముగ్గురం వెళ్లాం. చంటిది వదినగారి ఒళ్లో ఉంది. డాక్టరు గారు ఎస్తేరుని కేకలేస్తారని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన కేకలెయ్యలేదు. "ఇంటికెళ్లి రోజూ మాత్ర వేసేవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"ఆయ్, నేనున్నానండీ" అన్నారు వదినగారు.

మోకాళ్ల నొప్పితో రోజూ పేట చివరిదాకా నడిచి, ఏడాదిన్నర ఆ పిల్ల నోట్లో మాత్ర వేసి, మింగిందాకా కదలకుండా కూర్చుని వచ్చారు ఆవిడ.

నా కోపం ఆ ఆదివారంతో పోయిందనుకోకండి. కూడికలో అన్న ఆ మాట వంట చేస్తుంటే గుర్తొచ్చి పోపు మాడ్చిన రోజులున్నాయి. వచ్చినప్పుడల్లా మళ్లీ క్షమించాను. క్షమించడమంటే మరిచిపోవడం అనీ, పైకి నవ్వడం అనీ చెప్పేవాళ్లతో నాకు ఇప్పటికీ పడదు. ముందు నిజం బయటికి రావాలి. అది రాకుండా చేతులు కలిపితే, కప్పేసిన పుండు లోపల కుళ్లినట్టే అవుతుంది.

ఇప్పుడు నాకు నలభై ఏడేళ్లు. ఎడమ చెవి లేదు, మెట్లెక్కితే ఆయాసం. ఎస్తేరు బాగుంది. వాళ్ల పిల్ల నా దగ్గరే చదువుకుంది, పన్నెండో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పేది. వదినగారికీ నాకూ క్రిస్మస్ పాటల విషయంలో మొన్ననే గట్టిగా మాటా మాటా అయింది. సాయంత్రానికి చేపల పులుసు పంపారు. ఉప్పెక్కువైంది, ఆ సంగతీ కబురు పెట్టాను.

ఇది చదివేవాళ్లలో మందు వాడుతున్నవాళ్లు ఉంటే నా సలహా ఒక్కటే. ప్రార్థన చేసుకోండి, సాక్ష్యం చెప్పండి, కానీ ఆ ఆదివారం పొద్దున్న మాత్ర మింగి మరీ వెళ్లి చెప్పండి. మందు మానేసి విశ్వాసం చూపించమని ఎవరైనా అంటే, ఎంత ప్రేమగా అన్నా సరే వినకండి. మాట కాదనలేక ఇబ్బందిగా ఉంటే వాళ్లని మా ఊరు పంపండి. నేను కోపిష్టిదాన్ని, నా మాట వినకపోవచ్చు. మా వదినగారు చెబుతారు.